తొమ్మిది ముద్రల ఫంక్షన్

నగావోకా,
అక్టోబరు 6

రికియా,

ఉత్తరం మొదట్లో ఋతువు గురించి ఒక ముక్క రాయాలని బళ్ళో నేర్పారు. రాయను. నీ మీద కోపంగా ఉంది. నీ మీద అంటే నీ కంపెనీ మీద. కాని నాకు అందుబాటులో ఉన్న మొహం నీ ఒక్కడిదే, కనుక నువ్వే పడు.

మా ఆఫీసులో రైలు గేట్ల దగ్గర గంట మోగించి, దారికి అడ్డంగా బార్లు దించే కంట్రోలు బోర్డులు తయారు చేస్తామని నీకు తెలుసు. ఊరి చివర లైను మీద ఒక గేటు ఉంది. గంట మొదలైన కాసేపటికే బార్లు దిగిపోతాయి. కుర్రాళ్ళకి ఆ వ్యవధి చాలు, ముసలివాళ్ళకి చాలదు. సెప్టెంబరులో తోపుడుబండితో వెళుతున్న ఒక ముసలాయన రెండు బార్ల మధ్య ఇరుక్కున్నాడు. చక్రం పట్టా సందులో దిగబడింది. డ్రైవరు చూసి బ్రేకు వేశాడు కనుక బతికాడు. రైలు ఆగాక చూస్తే దానికీ ఆయనకీ మధ్య మనిషి పడుకునేంత జాగా కూడా లేదట. రైలు ఇంకా దూరంగా ఉండగానే గంట మొదలయ్యేట్టు మార్చమని రైల్వేవాళ్ళు మాకు రాశారు. మంచు పడేలోపు కావాలన్నారు. మంచులో ఇక్కడి ముసలివాళ్ళ నడక ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

మార్చాల్సింది ఒక్క లైను. అదే రోజు మార్చేశాను. మనం రాసిన ప్రోగ్రాముని చిప్‌కి అర్థమయ్యే అంకెల్లోకి దించే కంపైలరు మాత్రం మీది. పొద్దున పెడితే మధ్యాహ్నం భోజనాల దాకా గుడ్లప్పగించి కూర్చుంటోంది. మెమరీ మొత్తం మింగేసి, "మెమరీ చాలలేదు" అని ఒక ముక్క చెప్పి చస్తోంది. పోయిన ఏడాది దాకా ఎలాగో ఈడ్చుకొచ్చింది. ఈ వేసవిలో ఇంకో మూడు గేట్లు కలిపాం, అప్పటినుంచీ ఇదే వరస. మా సెక్షన్ హెడ్ కుసాకబే గారు నాలుగింతల మెమరీ ఉన్న కొత్త మెషిను కొని, రిబ్బను కట్టడం ఒకటే తక్కువగా తెచ్చి పెట్టారు. దాని మీదా సరిగ్గా అక్కడే చచ్చింది.

మీ సహాయ విభాగానికి రాశాను. మమ్మల్ని ఆదరిస్తున్నందుకు కృతజ్ఞతలు, మీ ప్రోగ్రాములో ఆ ఒక్క ఫంక్షనే నలభై వేల లైన్లతో పెద్దదిగా ఉంది, విడగొట్టే విషయం ఆలోచించగలరు అని జవాబు. ఆలోచించగలరట. పళ్ళు కొరుక్కున్నాను.

ఆఫీసు ప్రోగ్రాము ఒక్క లైను కూడా గడప దాటి బయటికి పోకూడదు. అందుకని నీకు ఏమీ చూపించలేను. మాటల్లోనే చెప్పగలను. ఏం చేస్తావో చెయ్యి.

ఓరియె

---

కవాసాకి,
అక్టోబరు 10

పూజ్యురాలైన అక్కకి,

శరదృతువు నానాటికీ గాఢమవుతూ, చేమంతులు పరిమళించే ఈ శుభవేళ మీరు కోపంగా ఉన్నట్టు తెలిసి సంతోషం. ఏడాదిగా ఒక్క ముక్క రాయని మనిషి ఇవాళ రాసింది, అదీ ఫిర్యాదు.

నలభై వేల లైన్లు ఒకే ఫంక్షన్‌లో పెట్టి, మోయడం లేదేమిటని కంపైలరుని తిడుతున్నారు. మా సహాయ విభాగం రాసిన జవాబు నాది కాదు, కాని నేనైనా అదే రాసేవాణ్ణి. విడగొట్టండి. గేటుకో ఫంక్షన్ చేయండి. కాలేజీలో మొదటి సంవత్సరం చెప్పే పాఠమిది.

కొత్త మెషిను కొన్నందుకు మీ కుసాకబే గారికి నా సానుభూతి చెప్పు. మీరు వాడుతున్నది భద్రతా పరీక్ష పాసైన పాత వెర్షను. మెషినులో ఎంత మెమరీ ఉన్నా అది ఒక హద్దు దాటి తీసుకోలేదు. ఆ సంగతి కొనే ముందు ఒక ఫోను చేస్తే చెప్పేవాణ్ణి.

మామయ్య ఎలా ఉన్నాడని నేను అడగడం లేదు.

రికియా

---

నగావోకా,
అక్టోబరు 14

రికియా,

చేమంతుల పరిమళం నువ్వే పీల్చుకో.

విడగొట్టమంటున్నావు. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ పనిచేసిన వాళ్ళెవరికీ ఆ ముక్క తట్టలేదనుకున్నావా? చెప్తాను, కూర్చుని చదువు. మా దగ్గర ప్రతి ఫంక్షన్‌కీ ఒక పత్రం ఉంటుంది. కొత్త ఫంక్షన్ అంటే కొత్త పత్రం. దాని మీద తొమ్మిది మంది సంతకపు ముద్రలు పడాలి. తరవాత బయటి సంస్థవాళ్ళు వచ్చి మొదటినుంచీ తనిఖీ చేయాలి. ఆ తనిఖీ అయ్యేసరికి ఇవాళ కడుపులో పడ్డ పాప పుట్టి పాకుతుంటుంది. అదే ఉన్న ఫంక్షన్‌లో నాలుగు లైన్లు కలిపితే అది సవరణ. మూడు ముద్రలు చాలు. గేటుకో ఫంక్షన్ అంటున్నావే, ఒక్కొక్క దానికీ తొమ్మిదేసి ముద్రలు ఎవరితో వేయిస్తావు? అందుకే ఎవడొచ్చినా ఉన్నదాంట్లోనే కలుపుతూ పోయాడు. నేనూ కలిపాను. అది లావెక్కిందంటే మేం తెలివితక్కువ వాళ్ళమై కాదు, ముద్రల కోసం మెట్లెక్కి దిగే ఓపిక లేక.

కంపైలరు తెలివితేటలన్నీ ఆపేసి ఉన్నదున్నట్టు మార్చమని కూడా చెప్పి చూశాను. కంపైల్ అయింది. కాని బయటికొచ్చినది ఎంత పెద్దదంటే బోర్డు మీద చిప్‌లో పట్టలేదు.

అసలు మండిపోయే సంగతి ఇప్పుడు విను. నిన్న మీటింగులో కుసాకబే గారు ఏమన్నారో తెలుసా?

"ఈ ఆర్థిక సంవత్సరంలో కుదరదని రైల్వేకి రాసేద్దాం. గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించమందాం, పెద్దవాళ్ళు దయచేసి పాదచారుల వంతెన వాడండి అని."

"ఆ వంతెనకి ఎన్ని మెట్లున్నాయో ఎప్పుడైనా ఎక్కి చూశారా?" అన్నాను.

"ఓరియె గారూ, మీరు కొంచెం చల్లబడండి."

నేను చల్లబడలేదు. లేచి బయటికొచ్చి, వరండాలో డబ్బా కాఫీలు అమ్మే మెషిన్‌ని ఒక తన్ను తన్నాను. కాలు వాచింది.

ఓరియె

---

కవాసాకి,
అక్టోబరు 19

అక్కా,

ముద్రల సంగతి నాకు తెలియదు. ఆ పాఠం కాలేజీలో చెప్పలేదు.

నేనూ ఇక్కడ గొడవ పెట్టుకున్నాను. పాత వెర్షనులో ఇలా జరుగుతోంది, చూద్దామా అని మా మేనేజరుని అడిగితే, తల కూడా ఎత్తకుండా, "కస్టమర్‌ని కొత్త వెర్షనుకి మారమను" అన్నాడు. వాళ్ళు మారాలంటే పరీక్షలన్నీ మళ్ళీ చేయించుకోవాలి సార్ అంటే, "అది మన సమస్యా?" అన్నాడు. ఎవరి సమస్యో వాడి నోటితో చెప్పించాలని ఉంది.

నీ ప్రోగ్రాము చూడలేను కనుక ఇలా చేద్దాం. రెండు పనులు. మొదటిది: గేట్లలో ముప్పావు వంతు తీసేసి కంపైల్ చెయ్యి, తరవాత సగం తీసేసి చెయ్యి. ఎంతసేపు పట్టింది, ఎంత మెమరీ తిన్నది రాయి. సైజు రెట్టింపయితే ఖర్చు కూడా రెట్టింపే అయితే అది మామూలు ఆకలి. నాలుగింతలయితే లోపల ఎక్కడో ప్రతిదాన్నీ ప్రతిదానితో పోల్చి చూస్తున్నట్టు. ఏ దశలో ఎంతసేపు గడిపిందో కంపైలరే చెప్పే స్విచ్ ఒకటుంది, దాని పేరు విడి కాగితం మీద రాశాను. చచ్చేటప్పుడు చెప్పదు, అందుకే సగం మీద పెట్టు.

రెండోది: మీ ఆఫీసు సంగతులేవీ లేకుండా, నలభై వేల లైన్ల ఉత్తుత్తి ఫంక్షన్ ఒకటి తయారు చెయ్యి. అదే చావు చస్తుందేమో చూడు. చస్తే దాన్ని నాకు పంపొచ్చు, ఎవడి రహస్యమూ కాదు.

ఆ ముసలాయన ఎవరు? దెబ్బలేమైనా తగిలాయా?

రికియా

---

నగావోకా,
అక్టోబరు 25

రికియా,

పావువంతు గేట్లతో టీ పెట్టుకుని వచ్చేలోపు అయిపోయింది. సగంతో నాలుగింతలు పట్టింది. మెమరీ కూడా నాలుగింతలు. నువ్వన్నట్టే ఉంది, అందుకు నీకు దణ్ణం పెట్టను.

ఎందుకంటే ఉత్తుత్తి ఫంక్షన్ కూడా చేశాను. నలభై వేల లైన్లు, అన్నీ ఇలా అయితే ఇటు, లేకపోతే అటు అనే మలుపులే. ఎంతలో అయిందో తెలుసా? నేను కుర్చీ వెనక్కి జరిపి నిలబడేంతలో. కళ్ళు నులుముకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. అంటే మీ సహాయ విభాగంవాళ్ళు, నువ్వు, నీ కాలేజీ పాఠం, అందరూ కలిసి నాకు చెప్పినది వట్టిదే. పెద్దదవడం కాదు రోగం. ఇంకేదో ఉంది. చూడకుండానే మందు రాసిచ్చే డాక్టర్లని ఏమంటారో నువ్వే చెప్పు.

నీ స్విచ్ మాత్రం మంచిదే. దాదాపు కాలమంతా ఒకే దశలో గడుస్తోంది. ఏ విలువ ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా బతికుందో లెక్క వేసే దశ. మా దాంట్లో ఉండి, ఉత్తుత్తి దాంట్లో లేనిది ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. ఇవాళ కొండల మీద తెల్లగా కనిపించింది. కింద ఇంకా పడలేదు.

ముసలాయనకి దెబ్బలేం తగల్లేదు.

ఓరియె

---

కవాసాకి,
అక్టోబరు 29

ఓరియె,

అక్కా అని రాయను. పలకరింపూ రాయను.

నిన్న ఊరినుంచి తొమోయె వదిన ఫోను చేసింది. ఊరికే, పండిన పెర్సిమన్ పళ్ళు పంపుతానని. మాటల మధ్యలో, "మామయ్య బండి మరమ్మతుకిచ్చారు గదా, పాపం, రైలు కింద పోవాల్సింది" అంది. ఏ బండి, ఏ రైలు అని అడిగి అంతా చెప్పించుకున్నాను.

ఒక ముసలాయన అని రాశావు. మన యొనెకుర మామయ్య నీకు ఒక ముసలాయన. దెబ్బలేం తగల్లేదు అని రాశావు, అడ్రసు తెలియని మనిషి గురించి రాసినట్టు. సోయా పాలు విరవడం ఇక చాలు, తోఫు కొట్టు మూసేయమన్నందుకు ఆయన నా మీద గరిటెడు నీళ్ళు పోసిన మాట నిజమే. నాలుగేళ్ళుగా మాట్లాడుకోని మాటా నిజమే. అంతమాత్రాన ఆయన పట్టాల మీద ఇరుక్కుంటే నాకు చెప్పకూడదా? వినే హక్కు కూడా పోయిందా నాకు? నీళ్ళు పోసింది ఆయన, నువ్వు చేసింది అంతకన్నా ఎక్కువ.

ఇక నీ పని. కోపంతో రాస్తున్నాను కనుక సూటిగా రాస్తాను.

ఊళ్ళో అందరూ వెళ్ళే స్నానశాలలో చెప్పుల అరలు గుర్తున్నాయా? వచ్చినవాడు అర తీసుకుంటాడు, స్నానం చేసి పోతూ ఖాళీ చేస్తాడు. అందుకే వందమంది వచ్చే చోట ఇరవై అరలు చాలు. అదే ఊరంతా తెల్లారగానే వచ్చి అరలు పట్టేసి, మూసేదాకా వదలకపోతే? ఎవరెవరు లోపలున్నారని నిమిషనిమిషానికీ ఊరందరి పేర్లతో జాబితా రాయాలి. కంపైలరు అదే రాస్తోంది. ప్రతి మలుపు దగ్గరా, విలువ దాచుకునే ప్రతి వేరియబుల్‌కీ ఒక గడి. మలుపులు పెరిగాయి, వేరియబుళ్ళూ పెరిగాయి, పట్టిక రెండు వైపులా పెరిగింది. మెమరీ పోయింది అందుకే.

కనుక చెప్పు. మీ వేరియబుళ్ళన్నిటినీ ఫంక్షన్ మొదట్లోనే పుట్టించి, అక్కడే సున్నాలు పెట్టేస్తున్నారా? ఒక గేటుకి మాత్రమే కావలసినది కూడా?

రికియా

---

నగావోకా,
నవంబరు 6

రికియా,

తిట్టావు. తిట్టించుకున్నాను. ఇప్పుడు నా మాట విను.

మామయ్య అని రాస్తే నువ్వు వెంటనే కదిలేవాడివి, నాకు తెలుసు. అప్పుడు నువ్వు చేసేది మామయ్య కోసం అయ్యేది. ఆ గేటు దాటేవాళ్ళు ఇంకా ఎంతమందో ఉన్నారు, వాళ్ళకి కవాసాకిలో మేనల్లుళ్ళు లేరు. ఎవరో ముసలాయన అంటే నా తమ్ముడు ఏం చేస్తాడో చూద్దామనుకున్నాను. మొదటి ఉత్తరంలో చేమంతులు పంపావు. నాకు ఎంత ఒళ్ళు మండిందో నీకు తెలియదు. ఇంకోటి, నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది మామయ్యే. చెప్తే కొట్టు మూయమని మళ్ళీ వస్తాడు అన్నాడు.

నీ ప్రశ్నకి జవాబు: అవును. అన్నీ మొదట్లోనే. అన్నిటికీ సున్నాలు. అది కుసాకబే గారి రూలు. ఉత్తుత్తి ఫంక్షన్‌కి కూడా అలాగే పైన సున్నాలు పెట్టి చూశాను. అసలుది చచ్చిన చోటే, అంతే మెమరీ మింగి చచ్చింది. ఆఫీసులో నవ్వాను, అందరూ తిరిగి చూశారు. తరవాత ఒక్కొక్క గేటు భాగాన్నీ బ్రాకెట్లలో కట్టి, దాని వేరియబుళ్ళని ఆ బ్రాకెట్ల లోపలే పుట్టించి, అక్కడే సున్నా పెట్టాను. భోజనానికి లేచేలోపు అయిపోయింది. ఫంక్షన్ ఒకటే, పత్రం ఒకటే. సవరణ. మూడు ముద్రలు. ఆ మూడింట్లో మొదటిది ఆయనదే.

పత్రం పట్టుకుని వెళ్ళాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ రూలు ఎందుకు పెట్టానో తెలుసా మీకు?"

"విన్నాను."

"వినడం వేరు. ఒక గేటు లెక్కలో మిగిలిపోయిన పాత విలువ ఇంకో గేటు లెక్కలోకి పోయింది. రైలు వస్తోంది, బార్ పైనే ఉంది. బడిపిల్లలు దాటుతున్నారు. ఎవరికీ ఏం కాలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజునుంచీ అన్నీ వాకిట్లోనే కడిగి లోపలికి రావాలన్నాను. మీరొచ్చి తీసేయమంటున్నారు."

"తీసేయమనడం లేదండీ. ఏ గదికి ఆ గది వాకిట్లో కడగమంటున్నాను."

"ఒకదానిది ఇంకోదాంట్లోకి పోదని ఏమిటి నమ్మకం?"

"మీరే చెడగొట్టి చూడండి."

కీబోర్డు ఆయన ముందుకి తోశాను. ఆయన నిజంగానే ఒక గేటు వేరియబుల్‌ని పక్క గేటు భాగంలో వాడి కంపైల్ చేశారు. ఇలాంటి పేరు ఇక్కడ నాకు తెలియదని కంపైలరు మొహం మీద చెప్పింది. ఇంకో చోట ప్రయత్నించారు. అదే జవాబు. పాత పద్ధతిలో అయితే నోరు మూసుకుని కంపైల్ చేసి పెట్టేది. సున్నాలు పెట్టినా సరే, ఆ తరవాత ఎవడైనా పొరపాటున ముట్టుకుంటే ఆపే దిక్కు లేదు.

ఆయన కీబోర్డు వెనక్కి తోశారు. తరవాత సొరుగులోంచి ముద్ర తీసి, సిరా అద్ది, తలకిందులుగా వేశారు.

తలకిందుల ముద్ర అంటే ఏమిటో నీకూ తెలుసు. ఒప్పుకుంటున్నాను, కాని నాకు ఇష్టం లేదని నలుగురికీ చాటడం. రక్తం మరిగింది. "ఇంత చూశాక కూడానా?" అన్నాను. గట్టిగానే అన్నాను, పక్క సెక్షనుకి వినపడింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "మీ పత్రం మీద కాదు కోపం, ఓరియె గారూ. నా రూలుని నా చేత్తోనే కొట్టేసుకుంటున్నాను. నిటారుగా ఎలా వేయను?" అన్నారు. మిగతా రెండు ముద్రలూ ఆయనే స్వయంగా తిరిగి వేయించుకొచ్చారు. ఇంటికొచ్చి ఏడ్చాను, ఎందుకో నన్ను అడక్కు.

ఉత్తుత్తి ఫంక్షన్‌ని తయారు చేసే చిన్న ప్రోగ్రాము వెనక కాగితం మీద చేత్తో రాశాను. ఇది ఎవడి రహస్యమూ కాదు. మీ మేనేజరుకి నా కానుక.

అక్క

---

కవాసాకి,
నవంబరు 14

అక్కా,

కానుక అందించాను. నువ్వు రాసింది ఉన్నదున్నట్టు టైపు చేసి మేనేజరు మెషిన్‌లోనే పెట్టాను, కొత్త వెర్షనుతో. కొత్తది చచ్చిపోలేదు. ఇంకా అన్యాయం చేసింది. మెషినులో ఉన్న మెమరీ అంతా లాక్కుంది. మౌసు కదలడం మానేసింది. ఆయన రాసుకుంటున్న నెలవారీ రిపోర్టు కూడా దాంతోపాటు బిగుసుకుపోయింది.

"ఏం చేశావు నా మెషిన్‌ని?" అన్నాడు.

"కస్టమర్‌ని కొత్త వెర్షనుకి మార్చాను సార్," అన్నాను.

నన్ను పీకేస్తారనుకున్నాను. అరిచాడు. మధ్యలో ఆగాడు. ఆ పట్టికలో గడులన్నీ దాదాపు ఒకే రకంగా ఉంటే ప్రతి మలుపు దగ్గరా మొత్తం ఎందుకు రాస్తున్నారని, మారినవి మాత్రమే రాయొచ్చు కదా అని మా టీమునే తిట్టడం మొదలుపెట్టాడు. నేను రెండు వారాలుగా మొత్తుకుంటున్నది అదే. ఇప్పుడు ఆయన ఆలోచనగా పని మొదలైంది. పోనీలే, ఎవడిదైతేనేం అని రాయాలని ఉంది కాని అంత మంచివాణ్ణి కాను, కడుపు మండుతోంది.

గేటు దగ్గర కంట్రోలు బోర్డు ఎప్పుడు బిగిస్తారు? కొండల మీద ఎంతదాకా దిగింది మంచు? టీవీలో చూస్తున్నాను, నగావోకా పేరు వచ్చినప్పుడల్లా లేచి దగ్గరికెళ్ళి వింటున్నాను.

మామయ్యకి నేను రాయను. నీళ్ళు పోసింది ఆయన.

రికియా

---

నగావోకా,
డిసెంబరు 2

రికియా,

మొదటి మంచు కురిసింది. ఆకులన్నీ రాలిన పెర్సిమన్ చెట్టు మీద కాకుల కోసం వదిలిన రెండు కాయలకీ తెల్ల టోపీలు పెట్టినట్టుంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

కంట్రోలు బోర్డు మంచుకి మూడు రోజుల ముందు బిగించారు. కుసాకబే గారు కూడా వచ్చి, గొడుగు పట్టుకుని, గంట మొదలైనప్పటినుంచీ బార్ దిగేదాకా నిలబడ్డారు. గేటు దగ్గర పెట్టిద్దామన్న హెచ్చరిక బోర్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

దీంతోపాటు ఒక కార్డు పెట్టాను. రాసినాయన స్టాంపు డబ్బులు దండగ అన్నాడు, నా కవరులోనే తోసేశాడు. నేను చదవలేదు అంటే నువ్వు నమ్మవు కనుక, చదివాను.

అక్క

---

(కార్డు)

రికియా,

చలి.

ఆ గంట ఇప్పుడు ఎంతసేపు మోగుతోందంటే తోఫు వచ్చిందని నేను ఊదే బూర ఎవరికీ వినపడటం లేదు. గేటు అవతలివాళ్ళు నా బండి వచ్చిందని తెలియక వేరే కొట్లో కొనుక్కుంటున్నారు. ఎవడు చేశాడీ పని అని ఓరియెని అడిగితే నీ పేరు చెప్పింది. అనుకున్నాను.

నిన్న పొద్దున బండి తోసుకుంటూ పట్టాలు దాటుతుంటే గంట మొదలైంది. చక్రం మళ్ళీ సందులో పడింది. లాగాను. రాలేదు. వంగి, రెండు చేతులా ఎత్తి, లాగి, అవతలికెళ్ళి, నడుం పట్టుకుని వెనక్కి తిరిగి చూశాను. బార్ ఇంకా పైనే ఉంది. దిగేదాకా అక్కడే నిలబడి చూశాను.

కొట్టు మూయను. నీళ్ళు పోసినందుకు క్షమించమని అడగను. ఇంకా ఏమైనా అనాలని ఉంటే వచ్చి నా మొహం మీద అను, ఉత్తరాల్లో ఓరియెని తిట్టకు. వేడి వేడిగా మందపాటి వేపుడు తోఫు తీసి పెడతాను, తింటూ తిట్టుకో.

గేటు దగ్గర మాత్రం పరిగెత్తకు. టైముంది.

యొనెకుర